రూట్ పాస్

సోహార్‌ల జూన్ నెల.
పన్నెండున్నరకు సైరన్ మోగుతది.
మూడున్నర దాక ఎండల పని బందు, సర్కారు మాట.
అందరు పైపుల నీడకు అట్టముక్కలు పరుసుకొని ఒరుగుతరు.
నేను హెల్మెట్ బోర్లేసి దానికి ఫోను ఆనిచ్చి పెడత.
పగిలిన అద్దంల ఎవలో పిల్లగాడు
లూప్ అంటే ఏందో ఇంగ్లీషుల చెప్తుంటడు.
సగం అర్థమైతది.
సగం చెమటల కారిపోతది.

పదిహేడేండ్ల సంది నాకొచ్చిన రాత ఒక్కటే,
నిప్పుతోని రాసేది.
నలభై ఐదు డిగ్రీలు వంగిన పైపు చుట్టు
ఊపిరి బిగవట్టి చెయ్యి తిప్పితే
జాయింటు చాప పొలుసుల లెక్క పడాలె.
అన్నిటికన్న అడుగు వరుసను రూట్ పాస్ అంటం.
అది ఎవ్వలకు కనవడది.
మీద ఎన్ని వరుసలు పోసినా
అది సక్కగ లేకుంటే ఎక్స్‌రేల దొరుకుతవు.
రాత్రి ఫిలిం తీస్తరు,
పొద్దుగాల ఆవగింజంత నల్లచుక్క,
పక్కన నా స్టాంపు నంబరు.
గ్రైండర్ పెట్టి కోసి మళ్ల మొదటి సంది.

సనయ్యల పాతసామాన్ల దుకాణం.
ముప్పై ఎనిమిది రియాళ్లకు లాప్‌టాప్.
ఆ నెల ఇంటికి పైసలు తక్కువ వోయినయి.
"ఏం కొన్నవు?" అన్నది లసుమవ్వ ఫోన్ల.
"వెల్డింగ్ మిషనే అనుకో."
దాంట్ల పి మీట పనిచెయ్యది.
పి కావాల్నంటె ఎక్కణ్ణుంచో కోసుకొచ్చి అతికియ్యాలె.
అతుకుడు నాకు కొత్తనా?

తెర మీద మొదటిసారి ఎర్రగీత పడ్డనాడు
నాకు భయం కాలె.
ముప్పై రెండో లైన్ల తప్పున్నదని
దానంతట అదే చెప్పింది.
ఫోర్‌మన్ కురియాకోస్ ఏనాడన్న అంత మర్యాదగ చెప్పిండా?
చెరిపితే చెరిగింది.
ఒక్క రవ్వ ఎగరలె, గ్యాసు దండుగ కాలె.
ఆ రాత్రి ఊకెనే
తప్పు రాసుకుంట, చెరుపుకుంట కూసున్న.

"నలభై దాటినంక ఇదేం పిచ్చిరా" అని
పై మంచం మీదికెళ్లి ఓదేలు.
వాని కోసమే రాసిన మొదటిది.
తలుపెనుక క్యాలెండర్ మీద
పెన్సిల్‌తోని తొమ్మిది మందిమి గీసుకున్న ఓవర్‌టైం గంటలు,
నాలుగు నెలలయి, ఒక్కొక్కటి ఎక్కిచ్చిన.
పేస్లిప్పుల కాడ పెట్టి చూస్తే
మనిషికి పదకొండు గంటలు తక్కువ.

నమ్మలె నేను.
ఆవగింజ నా రాతల్నే ఉంటదని
తెల్లారేదాక వెతికిన,
లైను లైనుకు లైటు పట్టి.
తప్పు దొరకలె.
పదిహేడేండ్లల్ల మొదటిసారి
నల్లచుక్క పక్కన నా నంబరు లేదు.

టైంకీపర్ కాగితం చూసిండు, మమ్ముల చూసిండు.
మరుసటి నెల ఆరు గంటలు కలిసినయి.
మిగిలిన ఐదు ఎటువోయినయో వానికే ఎరుక.
అయినా షఫీకుల్ వచ్చి కూసున్నడు,
"భాయ్, మా రూముది గూడ."
ఇప్పుడు ఏడు రూములయి లెక్కలు నా కాన్నే ఉన్నయి,
బంగ్లా పేర్లు, నేపాలు పేర్లు,
ఒకలిద్దరి పేర్లకు స్పెల్లింగు వాళ్లకే తెల్వదు.

మస్కట్‌ల చిన్న కంపెనీ ఒకటి ఫోన్ల మాట్లాడింది.
"డిగ్రీ ఉన్నదా?"
"ఉన్నయి సార్, నలభై ఐదు" అన్న.
నవ్విండు, మళ్ల చెప్తమన్నడు.
మూడు వారాలాయె, చెప్తనే ఉన్నడు.

రాత్రి కండ్ల నిండ ఇసుక పోసినట్టున్నది.
ఆర్క్ కొట్టిందో, తెర కొట్టిందో.
ఓదేలు ఆలుగడ్డ కోసి
రెండు చెక్కలు కండ్ల మీద పెట్టిండు.
ఆ సల్లటి చీకట్ల గూడ లైన్లు కదులుతున్నయి.
"పండుకో, ఐదింటికి బస్సు" అన్నడు.
ఒక చెక్క లేపి చూసిన.
"ఒక్క నిమిషం ఆగు,
పి అతికిచ్చొస్త."